ఘంటసాలలో ఓ వేసవి... మావయ్య మైకు సెట్టు!

"ఘంటసాల ఒకటివ్వండి" అన్నాను బస్సులో.

"పాటా, టిక్కెట్టా?" అన్నాడు కండక్టరు నవ్వకుండా.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఈ హాస్యం వింటూనే వున్నాను. కాలేజీలో "మీ అమ్మమ్మగారి వూరేది?" అని ఎవరైనా అడిగితే "ఘంటసాల" అనేవాణ్ణి. వెంటనే "అయితే ఓ పాట అందుకో" అనేవారు. నా గొంతు సంగతి తెలిసినవాళ్ళు మాత్రం అనేవారు కాదు.

పాఠకులకు ఓ విషయం మనవి చెయ్యాలి. అమర గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పుట్టింది ఘంటసాలలో కాదు. 1922 డిసెంబరు 4న, గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో. ఆయన ఇంటిపేరుకి మాత్రం మూలం మా వూరేనని ఇక్కడివాళ్ళ గట్టి నమ్మకం. తెలుగునాట ఇంటిపేర్లు సగం వూళ్ళ పేర్లే కదా! ఆ మాటకొస్తే ఆ గొంతు పుట్టకముందే ఈ వూరికి పేరుంది. రెండువేల ఏళ్ళనాడు ఇది ఓడలొచ్చే బేరాల వూరు. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ చెప్పిన 'కంటకస్సిల' ఇదే నంటారు పండితులు. ఇక్కడ దొరికిన శాసనాల్లో 'కంటకసోల' అని వుంది. బౌద్ధ స్తూపం దిబ్బ వూళ్ళోనే వుంది. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం దాకా ప్రయాణం చేశాయి. జలధీశ్వరుడి గుళ్ళో శివుడూ, అమ్మవారూ ఒకే పీఠం మీద కూర్చుని వుంటారు. ఇవన్నీ చూడ్డానికి వచ్చేవాళ్ళున్నారు. ఎవరొచ్చినా ముందడిగేది మాత్రం పాటల ఘంటసాల గురించే!

అదలా వుంచండి. నేను రాయబోయేది శిల్పాల గురించీ కాదు, ఘంటసాలవారి జీవిత చరిత్రా కాదు. 2025 వేసవి రెండు నెలలూ నేను మా మావయ్యగారింట్లో గడిపిన వైనం. నాలాంటి ఫ్రీలాన్సు విలేఖరికి ఓ సుఖం వుంది. ఎక్కడ కూర్చుని రాసినా ఒకటే, ఎక్కడ కూర్చున్నా రాబడి అంతంత మాత్రమే! బి.ఏ. గట్టెక్కిన నాటినుంచీ అంతే. విజయవాడ ఎండల్లో మేడమీద గదిలో ఉడికేకంటే, మావయ్య వేపచెట్టు కింద నులకమంచం మీద రాసుకోవడం మేలనిపించి ఏప్రిల్లో మూటా ముల్లే సర్దుకున్నాను.

నాలుగు బాకాలు, ఓ ఆంప్లిఫయర్

మా మావయ్యకి వూళ్ళో రెండు పేర్లు. పట్టాదారు పుస్తకంలో వుండేది ఒకటి, 'మైకాయన' అనేది రెండోది. మొదటి పేరు పోస్టుమానుకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆయన మైకు సెట్టు పెట్టింది 1974 వేసవిలో. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు. ఆ యేడు ఫిబ్రవరి 11నే ఘంటసాలగారు మద్రాసులో కన్నుమూశారు. "ఆ వేసంగిలో పెళ్ళింటివాళ్ళు వేరే పాట అడగలేదురా. ఘంటసాల వెయ్యి, ఘంటసాల వెయ్యి... ఒకటే గొడవ" అంటాడు మావయ్య. తాతయ్య దగ్గర తగూ పెట్టుకుని, గడ్డి అమ్మిన డబ్బుతో బందరులో సెకండ్‌హ్యాండు వాల్వుల ఆంప్లిఫయరు ఒకటీ, రికార్డు ప్లేయరూ, రెండు బాకాలూ కొన్నాడు. ఇంకో రెండు తర్వాత చేరాయి. కరెంటు లేని పేటల్లో బ్యాటరీ మీద నడిపేవాడు. సైకిలు క్యారియరు మీద ఆంప్లిఫయరు, హ్యాండిలుకి చెరో వైపూ బాకాలు, మెళ్ళో వైరు చుట్టలు! చింతచెట్టెక్కి బాకా కట్టి, నాలుగూళ్ళకి వినపడేట్టు తిప్పడంలో ఆయన్ని మించినవాడు లేడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అన్నగారి మీద అభిమానం కొంత కలిపి చెబుతుందనుకోండి.

వరి కోతలూ, మినుము తీతలూ అయ్యాక ఈ ప్రాంతంలో చేలకి పనుండదు. కాలవలు కట్టేస్తారు. నాలుగు నెలలు మావయ్యకి మైకే వ్యవసాయం. పెళ్ళిళ్ళు, సమర్తలు, పందిట్లో హరికథలు, ఎలక్షన్లొస్తే రెండు పార్టీలకీ ఒకే బాకాలు! 1980ల్లో రోజుకి రెండు పెళ్ళిళ్ళు చేసిన రోజులున్నాయట. ఘంటసాలగారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీత రికార్డు మాత్రం విడిగా ఓ గుడ్డలో చుట్టి వుంటుంది. అది చావింటికి. దానికి మావయ్య ఎన్నడూ కిరాయి పుచ్చుకోలేదు.

పెళ్ళికి వేసే పాటల క్రమం కూడా ఆయన దగ్గర వుంది. తెల్లవారుజామున వెంకటేశ్వరస్వామి పాట. ఒకప్పుడు సినిమాహాళ్ళలో తెర లేవబోయే ముందు వేసేవారే, అదే! ఆ తర్వాత 'పాతాళభైరవి', 'మాయాబజార్'. 1951లో ఒకటి, 1957లో ఒకటి వచ్చిన ఈ రెండింటికీ మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగినవారు. సంగీతం, పాట ఘంటసాలవారివి. తెరమీద రామారావుగారిది నిమ్మకూరు. 'మాయాబజార్'లో అభిమన్యుడు నాగేశ్వరరావుగారిది గుడివాడ దగ్గర రామాపురం. "మద్రాసులో తీశారు గానీ, మన కాలవ నీళ్ళు తాగినవాళ్ళు లేకపోతే సినిమా ఏదిరా?" అంటాడు మావయ్య. ఎస్.వి.రంగారావుగారిని మాత్రం ఏం చెయ్యాలో తెలియక కాసేపాగి, "ఆయన్ని మనం అప్పు తెచ్చుకున్నాం" అంటాడు.

ఆవకాయ, ముంజెలు, గడ్డివాము

ఇంట్లో అప్పటికి మావయ్య, అత్తయ్య, హైదరాబాదు నుంచి సెలవలకి వచ్చిన మా బావ భార్య, వాళ్ళ మూడున్నరేళ్ళ పిల్ల వున్నారు. బావది సాఫ్టువేరు ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున్నకి దిగేవాడు. ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు. వారానికి రెండు రాత్రులు బస్సులోనే కాపురం!

వేసవంటే పట్నంవాళ్ళకి విశ్రాంతి గానీ, పల్లెటూరి ఆడవాళ్ళకి కాదు. అత్తయ్య తెల్లవారకముందే లేచి వడియాల పిండి కలిపేది. ఎండ ముదిరే లోపల డాబా మీద పాత చీరల మీద పెట్టేసి రావాలి. కాకుల్ని తోలే వుద్యోగం నాదీ, పిల్లదీ. ఇద్దరం కలిసి కాకులకంటే ఎక్కువ పచ్చి పిండి తిన్నాం.

మే మొదటి వారంలో ఆవకాయ. కాయలు ముందురోజు రాత్రి నీళ్ళలో పోసి, పొద్దున్నే తుడిచి, ఆరబెట్టి, కత్తిపీటతో కొట్టాలి. తడి తగిలితే యేడాది శ్రమా బూజు పడుతుంది. టెంక ప్రతి ముక్కకీ వుండాలి, జీడి తీసెయ్యాలి, లోపలి పొర తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు కొలతల దగ్గర అత్తయ్య ఎవరి మాటా వినదు. తన చేతి గిద్దె తనకి వేదం. నూనె పోసి జాడీకి వాసెన కట్టి మూడో రోజున తిరగ కలుపుతుంది. ఆ మూడో రోజు పళ్ళెంలో మిగిలిన గుజ్జులో వేడన్నం కలిపి ముద్దలు పెడుతుంటే... రాయడం నావల్ల కాదు, తిన్నవాళ్ళకి తెలుసు.

సాయంత్రాలు తాటి ముంజెలు. దివిసీమ పక్కన వుండి ముంజెలు తినకపోతే నేరం! గెల దింపిన చోటే కూర్చుని, బొటనవేలితో నీళ్ళు ఎగజిమ్మకుండా తోడుకు తినడం ఓ విద్య. నాకు ముప్ఫై దాటినా పట్టుబడలేదు. చొక్కాలు రెండు పాడయ్యాయి.

మావయ్యకీ పనుంది. ఎకరన్నర చేలో గొర్రెల మంద కట్టించడం, పెంట తోలించడం, గట్లు వెయ్యడం. గడ్డివాము మీద తాటాకు కప్పించాలి. ఈసారి నైరుతి తొందరపడింది. మే నెలాఖరుకే రుతుపవనాలు రాష్ట్రంలోకి వచ్చేశాయి. వూరంతా ఒకటే పరుగు. సగం కప్పిన వాములు, ఎండని వడియాలు! మావయ్య నిచ్చెన మీద వుండగా కింద్నించి నేను "మబ్బొస్తోంది, దిగు మావయ్యా" అని మూడుసార్లు అరిచాను. ఆయన పలకలేదు. తాటాకు సర్దుకుంటూ తన పనిలో తనున్నాడు. సరే, పట్టుదల మనిషి అనుకున్నాను. అప్పటికే జరిగిన ఓ సంగతి గుర్తొచ్చింది గానీ, రెండూ ఒకచోట పెట్టి చూడడానికి భయమేసింది.

కూత

ఆ సంగతి చెప్పాలి. మే రెండో వారంలో పక్కవూళ్ళో పెళ్ళి. కిందటేడాది, అంటే 2024లో మే, జూన్ నెలలు మూఢంలో పోయాయి. మైకుకి బేరమే లేదు. అందుకని ఈసారి మావయ్య మహా హుషారుగా వున్నాడు. ఒప్పుకున్నవి ఏడు పెళ్ళిళ్ళు. అన్నీ అభిమానం కొద్దీ పిలిచినవే. పెద్ద పెళ్ళిళ్ళకి ఇప్పుడు లారీ సైజు డీజేలు వస్తున్నాయి. "మా తాత కోరిక, పొద్దున్న పూట మాత్రం మైకాయన్ని పెట్టుకుందాం" అనేవాళ్ళే ఈయనకి మిగిలారు.

సరివి కర్రల పందిరి. ముహూర్తం పగలే. పంతులుగారు మైకు పట్టుకుని కాస్త ముందుకి జరిగి బాకా ఎదుటికి వచ్చారు. అంతే, 'కుయ్య్‌య్‌...' మని కూత అందుకుంది. మైకుల సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, బాకాలో వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులోకి వెళితే వచ్చే కూత అది. పందిట్లో పిల్లలు చెవులు మూసుకున్నారు. పెళ్ళికూతురు తల పక్కకి తిప్పుకుంది. పెళ్ళికొడుకు తండ్రి గిర్రున వెనక్కి తిరిగి చూశాడు.

మావయ్య ఆంప్లిఫయరు పక్కనే కూర్చుని రికార్డు గుడ్డతో తుడుస్తున్నాడు. చెయ్యి ఆగలేదు. మొహంలో మార్పు లేదు.

నేను పరుగున వెళ్ళి నాబు తిప్పాను. అప్పుడు తలెత్తి, "ఏంట్రా, సౌండెక్కువైందా?" అన్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య దగ్గర మెల్లగా కదిపాను. ఆవిడ చేట కింద పెట్టకుండానే, "ఇప్పుడు తెలిసిందా నీకు? మూడేళ్ళయింది" అంది. "టీవీ మోత భరించలేక పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నేను మాట్లాడేటప్పుడు నా మూతి చూసి జవాబు చెబుతాడు. చీకట్లో అయితే పలకడు. అడిగావా, బెంగ పెట్టుకుంటాడు. మైకాయనకి చెవుడంటే నలుగురూ నవ్వరూ?"

నవ్వరని చెప్పలేకపోయాను.

ఆదివారం షికారు

బావ వున్న ఆదివారాలు ఎక్కడికో అక్కడికి ప్రయాణం కట్టేవాళ్ళం. ఓ వారం కూచిపూడి, మొవ్వ. సిద్ధేంద్రయోగి వూరూ, క్షేత్రయ్య పదాల్లోని గోపాలుడి వూరూ పక్కపక్కనే వుండడం మా ప్రాంతం అదృష్టం. ఇంకోవారం శ్రీకాకుళం. వుత్తరాంధ్ర జిల్లా కాదు సుమండీ! కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలోనే వున్న ఆంధ్ర మహావిష్ణువు క్షేత్రం. శ్రీకృష్ణదేవరాయలకి కల్లో కనిపించి 'ఆముక్తమాల్యద' రాయమన్న స్వామి ఈయనే. మరోవారం బందరు లడ్డూ కోసం బందరు, అక్కణ్ణించి చిలకలపూడి పాండురంగడు, మంగినపూడి బీచి. ఇవి పేజీ నింపడానికి బాగుంటాయి గానీ, రాయాల్సింది మోపిదేవి ప్రయాణం గురించి.

పిల్లకి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దగ్గర చెవులు కుట్టించాలని అత్తయ్య మొక్కు. సొంత మేనమామ దేశంలో లేడు. వరసకి నేనూ మేనమామనే గనక నా ఒళ్ళో కూర్చోబెట్టారు. మా చుట్టూ ఇంకో అయిదారుగురు పిల్లలు కుట్టించుకుంటున్నారు. అందరూ ఒకేసారి ఎత్తుకున్న రాగం అంతా ఇంతా కాదు. మా పిల్ల నా బొటనవేలు కొరికి, "తాతా... తాతా..." అని ఆకాశం పగిలేట్టు పిలిచింది.

మావయ్య నాలుగడుగుల దూరంలో మాకు వీపు పెట్టి, కొబ్బరికాయల బేరం ఆడుతున్నాడు. ఆయన తిరగలేదు. పిల్ల ఏడుపు మానేసి ఆయన వీపుకేసి చూసింది. బావ కూడా చూశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మధ్యాహ్నం అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి చేరాం. వేణుగోపాలస్వామిని చూసుకుని, పాలకాయతిప్ప నుంచి సముద్రం దాకా వెళ్ళాం. కృష్ణ సముద్రంలో కలిసేది ఇక్కడే. దారిలో మావయ్య 1977 గురించి చెప్పాడు. నవంబరు 19. ఉప్పెన దివిసీమ మీదికి వచ్చి పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. రామారావుగారూ, నాగేశ్వరరావుగారూ జోలె పట్టి వూరూరా విరాళాలు సేకరించిన సంగతి పాఠకులకి తెలిసిందే. మావయ్యకప్పుడు ఇరవై రెండేళ్ళు. సాయం తీసుకెళ్ళే లారీ మీద తన బాకాలు కట్టాడు. అన్నం ఎక్కడ పెడుతున్నారు, సూదిమందు ఎక్కడ వేస్తున్నారు, తప్పిపోయిన పిల్లలు ఎవరి దగ్గరున్నారు... పదిహేను రోజులు పొద్దస్తమానం అదే చెప్పాడట. "రికార్డు ఒక్కటి వెయ్యలేదురా. మైకు ఆపితే జనం ఏడుపులు వినపడేవి. అందుకని ఆపకుండా మాట్లాడేవాణ్ణి."

ఇసకలో కూర్చున్నాం. గాలి బాగా వుంది. అలలు కూడా గట్టిగానే వస్తున్నాయి. మావయ్య కాసేపు నీళ్ళకేసి చూసి నాతో అన్నాడు.

"ఇవాళ సముద్రం చప్పుడు లేదేంట్రా?"

నేను జవాబు చెప్పేలోపల బావ లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. మొహంలో మొహం పెట్టి, మెల్లగా, "నాన్నా, రేపు నేను వెళ్ళట్లేదు. మనం బందరు వెళుతున్నాం. చెవుల డాక్టరు దగ్గరికి" అన్నాడు. మావయ్య అందర్నీ ఒకసారి చూశాడు. అత్తయ్య కొంగు సర్దుకుంటూ సముద్రం వైపు తిరిగింది.

"మీ అందరికీ తెలుసన్నమాట" అన్నాడు. ఇంకేం అనలేదు. ఇల్లు చేరేదాకా అనలేదు.

ట్రెబుల్ పోయింది

బందరు డాక్టరుగారు ఓపికమంతుడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నవీ లావువీ చప్పుళ్ళు వినిపించి గీత గీశారు. ఎడమవైపు బాగానే వున్న గీత కుడివైపుకి వచ్చేసరికి జారుడుబల్లలా కిందికి దిగిపోయింది. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి వుంటే లోపలి చెవిలోని సన్నటి రోమకణాలు చచ్చిపోతాయట. చచ్చినవి మళ్ళీ మొలవవు. ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు పట్టేవి. ఫ్యాక్టరీ పనివాళ్ళకీ, మైకులవాళ్ళకీ, డీజేలవాళ్ళకీ వచ్చే జబ్బే ఇది. రాత్రి పది దాటాక మైకులు పెట్టకూడదని 2000లో కేంద్ర ప్రభుత్వం రూలు తెచ్చింది. అది పొరుగువాళ్ళ నిద్ర కోసం. బాకా పక్కన కూర్చున్నవాడి చెవి గురించి మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. మావయ్య యాభై ఏళ్ళు ఆ పక్కనే కూర్చున్నాడు.

మావయ్య ఆ కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తన భాషలో అడిగాడు.

"అంటే బేస్ వుంది, ట్రెబుల్ పోయింది. అంతేనాండీ?"

డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, "అంతేనండీ. నేను అరగంట చెప్పేదాన్ని మీరు ఒక్క ముక్కలో చెప్పారు" అన్నారు. తర్వాత వివరించారు. మాటలో స, శ, త, క లాంటి అక్షరాలు సన్నటివి, అవి జారిపోతాయి. మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గానీ ఏం మాట్లాడారో తెలీదు. మగవాళ్ళ గొంతు లావు గనక కాస్త నయం. ఆడవాళ్ళ గొంతు, అందులోనూ చిన్నపిల్లల గొంతు, పల్చబడిపోతుంది.

మావయ్య నేలకేసి చూస్తూ, "ఘంటసాల వినపడతాడు. సుశీల వినపడదు" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. రెండు మూడేళ్ళుగా ఈయన పెళ్ళిళ్ళలో ఘంటసాల ఒంటరిగా పాడిన పాటలే వేస్తున్నాడు. సుశీలగారివీ, లీలగారివీ, యుగళగీతాలూ పక్కన పెట్టేశాడు. వూరంతా "మైకాయనకి ఘంటసాల మీద భక్తి ముదిరింది" అనుకుంది. నేనూ అలాగే అనుకుని, ఆ భక్తి మీద వ్యాసం రాద్దామని నోట్సు కూడా రాసుకున్నాను! పాఠకులు క్షమించాలి, ఆ నోట్సు చింపేశాను.

రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవాలన్నారు. రెండింటి ఖరీదూ కలిపితే ఆ యేడు ఎకరన్నర మినుముల మీద మిగిలినదానికంటే ఎక్కువే అయింది. బావ తను కొంటానన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. ఇద్దరూ బందరు బస్టాండులో అందరూ చూస్తుండగా పోట్లాడుకున్నారు. మావయ్య గొంతు తగ్గించి మాట్లాడలేడు కదా!

ఆఖరి లగ్గం

విజయవాడ నుంచి పాత సామాన్లు కొనే ఒకాయన అంతకు ముందే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. వాల్వుల ఆంప్లిఫయర్లకి ఇప్పుడు షోకిళ్ళ దగ్గర మంచి ధర పలుకుతోందట. రికార్డులు కూడా అడిగాడు. ఈసారి మావయ్యే ఫోను చేయించాడు. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు పూర్తి చేసి ఇస్తానన్నాడు. జూన్ మొదటి వారంలో, మూఢం రాకముందు ఆఖరి లగ్గం. మిగిలిన పెళ్ళిళ్ళన్నింటికీ నేను నాబు దగ్గర కూర్చున్నాను. కూత వస్తే తగ్గించడం నా పని, రికార్డు మార్చడం ఆయన పని. యాభై ఒక్క ఏళ్ళ వ్యాపారంలో ఆయన పెట్టుకున్న మొదటి అసిస్టెంటుని నేనే. జీతం: పెళ్ళిభోజనం.

ఆఖరి పెళ్ళి నాడు వాన. బాకాలకి ప్లాస్టిక్ సంచులు కట్టాం. అప్పగింతలయ్యాక మావయ్య చెట్టు మీంచి తనే బాకాలు దింపుతానన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషిని తడి చెట్టు ఎక్కనివ్వలేదు. నేనెక్కాను. కింద నుంచి "ఆ ముడి కాదు, ఆ పక్కది... నీకు ముడి వెయ్యడమే రాదు, విప్పడం కూడా రాదు" అని తిట్లు. పెళ్ళికూతురి తాత వచ్చి కిరాయి కాక ఓ పంచెల చాపు పెట్టి వెళ్ళాడు.

మర్నాడు వ్యాను వచ్చింది. ఆంప్లిఫయరూ, మూడు బాకాలూ వెళ్ళిపోయాయి. రికార్డులు మాత్రం మావయ్య ఇవ్వలేదు. నాలుగో బాకా కూడా ఇవ్వలేదు. "దానికి సొట్ట వుంది, ధర రాదు" అన్నాడు. నేను చూశాను, సొట్ట లేదు. 1977లో లారీ మీద కట్టిన రెండింట్లో అదొకటని అత్తయ్య తర్వాత చెప్పింది. మిషన్ల డబ్బుకి కాస్త తక్కువైంది. ఆ తక్కువ బావ చేత పెట్టించడానికి అత్తయ్య రెండు పూటలు అన్నం మానేసి సాధించింది.

మిషన్లు పెట్టుకున్న మొదటిరోజు మావయ్య ఇల్లంతా తిరిగి సణిగాడు. ఫ్యాను ఇంత మోతా? ఈ పిట్టలు ఎప్పుడూ ఇలాగే అరుస్తాయా? అత్తయ్య గాజులు విని "ఎవరొచ్చారు?" అన్నాడు. సాయంత్రం ఇంట్లో వున్న చిన్న ప్లేయరు మీద సుశీలగారి రికార్డు ఒకటి పెట్టాడు. అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. ముల్లు ఎత్తి, నాకేసి తిరిగి తీర్పు చెప్పాడు.

"బేస్ లేదురా దీంట్లో. అంతా ట్రెబులే. మనిషి పాడుతున్నట్టు లేదు, రేకుడబ్బా పాడుతున్నట్టుంది."

"అలవాటవుతుందన్నారుగా మావయ్యా."

"ఆఁ... ఆ డాక్టరుకేం తెలుసు, సుశీల గొంతు ఎలా వుంటుందో!" అన్నాడు గానీ, మళ్ళీ ముల్లు పెట్టాడు.

పిల్ల మర్నాడు హైదరాబాదు వెళ్ళిపోతుంది. స్కూళ్ళు తెరుస్తున్నారు. మెట్ల మీద కూర్చుని చాలాసేపట్నించీ తాతగారి చెవులకేసే చూస్తోంది. లేచి దగ్గరికొచ్చి, ఓ వేలితో ఆ మిషన్ని తాకి అడిగింది. మెల్లగానే అడిగింది.

"తాతా, నీక్కూడా చెవులు కుట్టారా? నొప్పెట్టిందా?"

మావయ్య దాని మూతికేసి చూడ్డం లేదు. రికార్డుకేసి చూస్తున్నాడు.

"లేదమ్మా, పెట్టలేదు" అన్నాడు.